రెండు ఎర్రగైంది

రాయమల్లు కాక గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా రాస్తున్నాను. మందమర్రి మార్కెట్‌లో ఇప్పటికీ ఆయన పేరెత్తితే "ఆ ముసలాయన చేతుల పెట్టినవంటే పని ఖరాబే" అనేవాళ్ళున్నారు. ఆ మాట మొట్టమొదట అన్నది నేను. నలుగురిలో అన్నాను, గట్టిగా అన్నాను. తప్పని తెలిశాక కూడా కొన్నాళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను. ఇక కూర్చోలేను.

నా పేరు అవేజ్. టైలర్ల గల్లీ మొదట్లో నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉంది. దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు తీయడం, జిరాక్స్, పాత కంప్యూటర్ల రిపేరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ ఖుద్సియా అంటుంది. "మీకు తెలియంది ఒక్కటంటే ఒక్కటి చెప్పండి, గల్లీ అంతా మిఠాయి పంచుతా" అని కూడా దెప్పుతుంది. కంప్యూటర్ల విషయంలో ఆ పొగరు నాకు నిజంగానే ఉండేది.

కాక సొంతూరు సుల్తానాబాద్ దగ్గర ఒక పల్లె. ఇరవై రెండేళ్ళప్పుడు బొగ్గు గనిలో కూలీగా దిగాడు. ఆరేళ్ళకు బొగ్గు తొట్టి కింద పడి కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. అప్పుడాయన్ని పైకి తెచ్చి దీపాల గదిలో వేశారు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే దీపం ఇచ్చేది అక్కడే. దీపం ఇవ్వగానే ఆ మనిషి నంబరున్న ఇత్తడి బిళ్ళను గోడ మేకుకు తగిలించేవాడు. మనిషి పైకొచ్చి దీపం తిరిగి ఇచ్చాక బిళ్ళ తీసేవాడు. షిఫ్టు దిగిపోయాక కూడా మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు లెక్క. ముప్పై రెండేళ్ళు కాక చేసిన పని అదే.

బిళ్ళ మిగిలితే ఆయనకొక పద్ధతి ఉండేది. ఆ నంబరును గది గుమ్మంలో నిలబడి మూడుసార్లు గట్టిగా పిలిచేవాడు. మూడోసారికీ ఎవరూ పలకకపోతే ఆఫీసుకు పోయి, ఎవరు ఎంత తిట్టినా సరే, కిందికి మనుషుల్ని పంపేదాకా కదిలేవాడు కాదు. ఈ సంగతి నాకు వందసార్లు చెప్పి ఉంటాడు.

"ఇరువైసార్లు పిలిస్తే ఇరువైసార్లు ఏం లేకపోతుండె బేటా. ఒకడు దీపంతోనే ఇంటికి పోయి పండుతుండె, ఇంకోడు కల్లు దుకాణంల దొరుకుతుండె. అందరు నన్ను చూసి నవ్వుడే. ఇరువై ఒకటోసారి మనిషి నిజంగనే కింద ఉన్నడు, కాలు మీద బండ వడి. గందుకే, మూడోసారి పిలువకుంట నేను గది ఇడిచి పోలే, ఎన్నడు."

రిటైరయ్యాక ఒకరోజు ఏదో ఫారం ప్రింటు కోసం నా సెంటర్‌కు వచ్చాడు. తెల్లటి ఫుల్ చేతుల చొక్కా, జేబులో దువ్వెన. ఆ రోజు సెంటర్ నిండా జనం, అందరి మీదా నా అరుపులు. ఆయన ఎవరూ చెప్పకుండానే లేచి "నువ్వెనుకకు రా, నువ్వు ముందటికి పో, అవ్వా నువ్వు జర కూసో" అంటూ వరస పెట్టాడు. పది నిమిషాల్లో గోల తగ్గింది. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ఆయన భార్య పోశవ్వ ఎదురుపడి "ఇంట్ల ఉంటే నా పానం తింటడు, నీ దగ్గరనే పెట్టుకో బిడ్డా" అంది. అట్లా అరవై ఒకటో ఏట కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఎడమచేతి చూపుడు వేలొక్కటే వాడేవాడు. నెమ్మదే కానీ ఒక్క అక్షరం తప్పు పోయేది కాదు.

నెల తిరక్కముందే సెంటర్‌లోనూ తన దీపాల గది తెరిచాడు. రేకు బిళ్ళలు కత్తిరించి ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లు కొట్టించాడు. ఒక చెక్కకు మేకులు దిగ్గొట్టి గోడకు పెట్టాడు. దరఖాస్తు మొదలుపెట్టగానే బిళ్ళ తగిలించేవాడు. రశీదు కాగితం ప్రింటై చేతికొచ్చాకే తీసేవాడు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

"కాకా, ఇది గని కాదు. ఇంటర్నెట్."

"గని అయితే మనిషి కిందున్నడని ఎరుకనన్న అయితది. గీండ్ల పంపిన కాయితం యాడికి పోతదో నీకెరుకనా? చెప్పు మరి."

నాకు మాత్రం ఏం తెలుసు! "పనిచూసుకో కాకా" అని నా పక్కకు తిరిగాను.

ఇక అసలు గొడవకు వస్తాను. మంచిర్యాలలో మూతపడిన ఒక కాలేజీ నుంచి ఆరు పాత కంప్యూటర్లు తెచ్చాను. వాటి మీద విండోస్ తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. అందుకని ఐదింటిలో లినక్స్ వేసి, దాని మీద చాలా తేలికైన విండో మేనేజర్ ఒకటి పెట్టాను. తెర మీద తెరుచుకునే ప్రతి కిటికీ ఎక్కడ నిలబడాలో, ఏది ముందు, ఏది వెనకో చెప్పే ప్రోగ్రాం అది. బ్రౌజర్ తన కిటికీ లోపల ఏమైనా చేసుకోవచ్చు, ఆ కిటికీ ఎక్కడుండాలన్నది మాత్రం దీని ఇష్టం. ఇందులో ఒకే తెరకు నాలుగు డెస్కులుంటాయి. ఒక డెస్కు మీద పనిచేస్తుంటే మిగతా మూడింటి మీద ఏముందో కనపడదు. కింద అంచున ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చిన్న అంకెలు మాత్రం ఉంటాయి.

ఇదంతా కాకకు విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అంటే సర్దార్ అన్నట్టు. గనిల గుడ సర్దార్ గిట్లనే, నువ్వీడ నిలవడు, నువ్వాడ నిలవడు అంటడు. మరి గీ సర్దార్‌కు గా బ్రౌజర్‌కు పడకపోతే?"

"ఎందుకు పడదు కాకా? సర్దార్‌ను పెట్టింది నేను."

పడలేదు. ఆ రోజుల్లో ఏ సైటు తెరిచినా ప్రకటనల కిటికీలు ఊడిపడేవి. ఫారం నింపుతుంటే ముందుకొచ్చి నిలబడేవి, టైపు చేస్తున్న అక్షరాలు పోయి వాటిలో పడేవి. నాకు తిక్క రేగింది. సర్దార్ సెట్టింగుల ఫైలు తెరిచి ఒక వరస ఆజ్ఞ రాసిపెట్టాను. బ్రౌజర్ కొత్తగా ఏ చిన్న కిటికీ తెరిచినా దాన్ని ముందుకు రానివ్వకుండా, చప్పుడు లేకుండా రెండో డెస్కుకు తోసేయాలి. దాంతో ప్రకటనల పీడ వదిలింది. రెండు నెలలు తిరక్కముందే ఆ వరస రాసిన సంగతే మర్చిపోయాను.

మిగిలిన ఆరోదాంట్లో, వాకిలి పక్కనున్నదాంట్లో, పాత విండోసే ఉంచాను. కాక ముఖ్యమైన పనులన్నీ దాని మీదే చేసేవాడు. ఎందుకు కాకా అంటే "నాలుగోదాని మీద, ఐదోదాని మీద నాకు నమ్మకం లేదు బేటా, సప్పుడు చెయ్యవు" అనేవాడు. ఎంత ముద్దుగా చెప్పాడో అని అప్పుడు నవ్వుకున్నాను.

సమ్మవ్వ మా గల్లీ చివర రేకుల ఇంట్లో ఉంటుంది. భర్త బొగ్గు లారీల మీద కాంట్రాక్టు పని. వాళ్ళ బిడ్డ నవీన నర్సింగ్ చదువుకు పరీక్ష రాసింది. ర్యాంకు మంచిగా వచ్చింది, సర్కారు కాలేజీలో సీటు ఖాయమని బడి పంతుళ్ళు కూడా అన్నారు. ఏ ఏ కాలేజీలు కావాలో వరసగా పెట్టి ఆన్‌లైన్‌లో పంపాలి. ఒక సర్టిఫికెట్ ఆలస్యమై తల్లీబిడ్డలు చివరి రోజు మధ్యాహ్నం నాలుగింటికి వచ్చారు. ఆ సాయంత్రం ఆరింటితో గడువు.

ఆ రోజే వాకిలి పక్క కంప్యూటర్ పవర్ సప్లై కాలిపోయి రిపేరులో ఉంది. కాక గొణుక్కుంటూ నాలుగోదాని ముందు కూర్చుని, ఏడో నంబరు బిళ్ళ మేకుకు తగిలించాడు. నవీన పక్క కుర్చీలో కూర్చుంది. కాక ఒక్కో కాలేజీ పేరు చదివించుకుని, ఒక్క వేలితో పెట్టుకుంటూ పోయాడు. నాకేమో ఒళ్ళు మండిపోతోంది. కరీంనగర్‌లో మా ఖాలా కొడుకు వలీమా, అంటే పెళ్ళి విందు. ఖుద్సియా, పిల్లలు పొద్దున్నే పోయారు. నేను ఐదున్నరకు షట్టర్ దించితే తప్ప ఆరింటి బస్సు దొరకదు. కొత్త షేర్వానీ సంచి భుజానికి తగిలించుకుని తాళాలు ఆడిస్తూ నిలబడ్డాను.

ఐదూ ఇరవైకి కాక చివరి బటన్ నొక్కాడు. తెర మీద కాలేజీల పట్టిక అలాగే ఉంది. ఏమీ మారలేదు.

"బేటా, నొక్కిన. రశీదు రాలే. కింద రెండు ఎర్రగైంది."

"సర్వర్ బిజీ ఉంటుంది కాకా. ఆఖరి రోజు కదా. రశీదు రేపొస్తుంది."

"రెండు ఎందుకు ఎర్రగైంది?"

"అది రోజూ అవుతుంది, వదిలేయ్."

నేను తెర వైపు కూడా చూడలేదు. ఖుదా సాక్షిగా చెబుతున్నాను, అబద్ధం ఆడాలనుకోలేదు. అది రోజూ అవుతుందో లేదో నాకసలు తెలియదు, అంతే. నోటికొచ్చింది అనేశాను.

ఐదున్నరయింది. సమ్మవ్వ, నవీన లేచి నిలబడ్డారు. కాక లేవలేదు.

"అవేజ్ బేటా, ఏడో నంబర్ ఇంకా పైకి రాలే. జర ఒక్కపారి వచ్చి చూడు."

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా చేయి నాకే నచ్చదు. గోడ దగ్గరికి పోయి ఏడో నంబరు బిళ్ళను మేకు మీంచి లాగేసి సొరుగులో పడేశాను. "అయిపోయింది కాకా. పో, ఇంటికి పో" అన్నాను. నవీన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కాక ఖాళీ మేకు వంక కాసేపు చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆరింటి బస్సు నాకు దొరికింది. వలీమాలో బిర్యానీ రెండుసార్లు వడ్డించుకున్నాను.

మర్నాడు రశీదు రాలేదు. సైటు మూసేశారు, రెండు మూడు రోజులు చూద్దాం అన్నాను. పది రోజుల తర్వాత సీట్ల జాబితా వచ్చింది, అందులో నవీన పేరు లేదు. ఆమె పేరు మీద ఒక్క కాలేజీ కూడా అందలేదని ఫోన్‌లో చెప్పారట. సమ్మవ్వ కొంగు నడుముకు చుట్టుకుని నా సెంటర్‌కొచ్చింది.

"నా బిడ్డ బతుకు నీ చేతుల పెడితి గదా భాయ్! ఎవరు చేసిన్రు ఈ పని? ఎవరు నొక్కిన్రు?"

సెంటర్ నిండా జనం. అందరూ నన్నే చూస్తున్నారు. నా సెంటర్ పేరు పోతుందన్న భయంతో నాకు నోటి మీద అదుపు తప్పింది. "ముసలాయనకు కండ్లు సరిగా కనపడవు. ఆఖరి బటన్ నొక్కడం మర్చిపోయాడు. ఇక ఆయన చేతిలో పెడితే పని ఖరాబే" అన్నాను.

కాక ప్రింటర్ పక్కన నిలబడి ఉన్నాడు. "నేను నొక్కిన" అన్నాడు మెల్లగా. "రెండు ఎర్రగైంది అని చెప్పిన."

"చాలు కాకా" అన్నాను.

మర్నాటి నుంచి రాలేదు. ఇరవై రోజుల్లో ఇల్లు ఖాళీ చేసి పోశవ్వను తీసుకుని సొంతూరికి వెళ్ళిపోయాడని విన్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ముప్పై రెండేళ్ళు ఒక్క మనిషినీ లెక్క తప్పనివ్వని వాడికి నేను అంటగట్టిన పేరు అది!

ఆ తర్వాత ఏడాదిన్నర గడిచింది. చాలా సైట్లు "ఖాయమేనా" అన్న ప్రశ్న పేజీ లోపలే అడుగుతాయి కాబట్టి ఎక్కడా గొడవ రాలేదు. మొన్న ఎండాకాలం రాంచందర్ సార్ అని రిటైరైన పంతులొకాయన ఏదో దరఖాస్తు కోసం వచ్చాడు. నాలుగో కంప్యూటర్ మీద బటన్ నొక్కితే ఏమీ కాలేదు. ఆయన నాలుగుసార్లు నొక్కాడు. నేను సైటును బూతులు తిట్టి, నాకు వచ్చిన వైద్యాలన్నీ చేశాను. బ్రౌజర్‌లో పాత సరుకంతా తుడిచాను. అదనపు ముక్కలన్నీ ఆపాను. ఇంకో బ్రౌజర్ వేశాను. అదే తంతు. అదే దరఖాస్తు నా ఫోన్‌లో మాత్రం చక్కగా పోయింది. అయితే తప్పు సైటుదీ కాదు, బ్రౌజర్‌దీ కాదు. మరి ఎవడిది? తల పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు రాంచందర్ సార్ అన్నాడు, "అవేజ్, కింద రెండు ఎర్రగ అయింది, ఏందది?"

కీబోర్డు మీద మీట నొక్కి రెండో డెస్కుకు పోయాను. అక్కడ నాలుగు చిన్న కిటికీలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నాలుగింటిలోనూ ఒకటే ప్రశ్న: ఖాయం చేయాలా? కింద అవును, కాదు అని రెండు బటన్లు. ఎవరూ జవాబివ్వకపోతే ఆ అంకె ఎర్రబడి పిలుస్తుంది. సెట్టింగుల ఫైలు తెరిచాను. నేను రాసిన వరస నన్నే చూస్తోంది. దాని పైన నేనే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టి పెట్టుకున్న గుర్తు కూడా ఉంది: "చిన్న కిటికీల పీడ, రెండోదానికి తోసెయ్."

ఆ రోజు ఐదూ ఇరవైకి నవీన కిటికీ కూడా అక్కడే నిలబడి అవునా కాదా అని అడిగి ఉంటుంది. ఆరింటిదాకా నలభై నిమిషాల టైముంది. ఒక్క మీట నొక్కి చూస్తే సరిపోయేది. ఆ వరసను తుడిచేయడానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. రాంచందర్ సార్ "ఏమైంది, ఒంట్లో బాగలేదా" అని అడిగాడు.

మర్నాడు సెంటర్ తెరవకుండా సుల్తానాబాద్ బస్సెక్కాను. కాక ఇంటి ముందు పందిరి కింద కూర్చుని, వరి పొలాలకు రాత్రిపూట నీళ్ళు పెట్టే రైతులు తెచ్చిచ్చిన చార్జింగ్ లైట్లు బాగుచేస్తున్నాడు. చెవులు మందగించాయి. పోశవ్వ నన్ను చూసి పలకరించకుండా లోపలికి పోయింది, కానీ చాయ్ మాత్రం పంపింది. నేను అంతా చెప్పాను. సర్దార్‌కు నేనే ఆ ఆజ్ఞ రాశానని, ఆయన సరిగ్గానే నొక్కాడని, నన్ను మాఫ్ చేయమని గట్టి గట్టిగా చెప్పాను.

ఆయన చేతిలోని లైటు ఒకసారి వెలిగించి ఆర్పాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ బేటా? నేను నొక్కిన్నని నాకెరుకనే. సమ్మవ్వకు చెప్పు. పిల్లకు చెప్పు."

చెబుతానన్నాను. తిరిగొచ్చి మూడు వారాలు చెప్పలేదు. ఒకరోజు సెంటర్‌లో రద్దీ అనుకున్నాను, ఒకరోజు వాళ్ళింట్లో చుట్టాలున్నారనుకున్నాను. సిగ్గులేని జన్మ! చివరికి ఖుద్సియా "మీరు పోతారా, నన్ను పొమ్మంటారా" అని నిలదీస్తే లేచాను.

పొద్దున తొమ్మిదింటికి వాళ్ళింటికి పోయాను. నవీన మంచిర్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చీటీలు రాసే పనికి పోతోంది. మరుసటి ఏడు మళ్ళీ పరీక్ష రాద్దామనుకునేసరికి వాళ్ళ బాపు నడుము విరిగి మంచాన పడ్డాడట. ఆ పిల్ల జడ వేసుకుంటూ వింది. సమ్మవ్వ గడపలో కూలబడింది. తిడుతుందని, చెప్పు తీసుకుంటుందని అనుకున్నాను. తీసుకున్నా బాగుండేది.

"నీ దుకాన్ల లొల్లి అయినంక వచ్చిన ఐతారమే రాయమల్లు తాత వచ్చిండు భాయ్" అంది చివరికి. "గీడనే, గీ గడపల నిలవడి ఏడ్చిండు. సమ్మవ్వా, తప్పు నాదే, బిళ్ళ ఉండంగ నేను ఇంటికి పోవద్దుండె, పోయిన అన్నడు. బిళ్ళేందో, మేకేందో నాకు సమజ్ కాలే. నోటికొచ్చినట్టు తిట్టి ఎల్లగొట్టిన. నీ పేరు ఒక్కసారి గుడ తియ్యలే."

నవీన మెడలో ఆసుపత్రి కార్డు వేసుకుంటూ అంది, "నేను గుడ చూసిన అన్నా. తాత చెప్పంగనే చూసిన. రెండు ఎర్రగనే అయింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"మీరు రోజు అయితది అంటిరి గదా. మీకు ఎరుక ఉంటది గదా అనుకున్న." ఆ మాటలో కోపం లేదు. బస్సుకు టైమవుతోందని సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

గల్లీలోకొచ్చి కాకకు ఫోన్ చేశాను. పోశవ్వ ఎత్తి ఆయనకిచ్చింది. ఆయనకు వినపడాలని రోడ్డు మీద నిలబడి అరవాల్సి వచ్చింది. టైలర్లందరూ మిషన్లు ఆపి చూశారు. చూడనీ, అందరూ విననీ అనుకున్నాను.

"చెప్పినవా బేటా?"

"చెప్పిన కాకా."

"పిల్ల ఏమన్నది?"

"తను గుడ చూసిందట. ఎర్రగైంది నిజమే అన్నది. కాకా, తప్పు నాది. నువ్వు చెప్పినవ్. నొక్కంగనే ఒకసారి, షట్టర్ దించేముందు ఒకసారి, రెండుసార్లు చెప్పినవ్. నేనే ఇనలే."

అవతల లైటు మీట టక్కుమన్న చప్పుడు వినిపించింది.

"గదే గదా బేటా" అన్నాడు. "రెండుసార్లే చెప్పిన. మూడోసారి పిలువకుంట ఇంటికి పోయిన."